ఊరందరి షుగరు కనిపెట్టిన బాబాయిగారు

పరాయి మనిషి మంచినీళ్ళు తాగుతుంటే గుడ్లప్పగించి చూసే దురలవాటు నాకు బాబాయిగారి దగ్గర అంటుకుంది. మొన్న రేపల్లె స్టేషన్లో నా పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన లీటరు సీసా ఎత్తి గటగటా ఖాళీ చేశాడు. లేచి కుళాయి దగ్గరికెళ్ళి నింపుకొచ్చి, మళ్ళీ సగం తాగేశాడు. "మీరోసారి షుగరు చూపించుకోండి" అనబోయి ఆగాను. ఎందుకొచ్చిన గొడవ, ముక్కూ మొహం తెలియని మనిషి. నేను ఆ రోజు తెనాలి రైలెక్కుతున్నదే బాబాయిగారి పెద్దకర్మకి.

సొంత బాబాయి కాదు. మా ఆయనకి రేపల్లె బదిలీ కాకముందు తెనాలిలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు. పై వాటాలో మేము, కింద ఆయన, పిన్నిగారు, ఒక తెల్ల బొచ్చుకుక్క. పిల్లల్లేరు. కాకుమాను దగ్గర పొలం కౌలుకిచ్చేసి తెనాలి చేరిన మనిషి కాబట్టి చేతినిండా తీరికే. ఆ తీరికంతా షుగరు వ్యాధికే ధారపోశారు.

ఆయనకి నమస్కారం, బాగున్నారా, భోజనం అయిందా లాంటివి లేవు. ఎవరెదురైనా ఒకటే పలకరింపు: "ఎంతొచ్చింది?" కాలువగట్టు మీద పొద్దున నడిచేవాళ్ళందరికీ అది అలవాటే. ఫాస్టింగు ఇంతండి, తిన్నాక ఇంతండి అని అప్పజెప్పి పక్కకి తప్పుకునేవాళ్ళు. తగ్గితే భుజం తట్టేవారు. పెరిగితే అక్కడే నిలబెట్టి, నిన్న ఏం తిన్నావో చెప్పమని నిలదీసేవారు. పెళ్ళి భోజనాల్లో ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేదని పిన్నిగారు నవ్వుతూ చెప్పేది.

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజే మా ఆయన్ని పట్టేశారు. గదులు చూపిస్తూ ఏదో చెబుతున్నవారు, పిన్నిగారిచ్చిన చెంబెడు నీళ్ళనీ మా ఆయన ఎత్తిన చెంబు దించకుండా తాగేసరికి మాట ఆపేశారు.

"ఏం అబ్బాయ్, రాత్రిళ్ళు ఊరికూరికే లేస్తున్నావా?"

మా ఆయన తెల్లమొహం వేశాడు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నేనా అది!

"అంటే... ఈమధ్య లేస్తున్నానండి."

"నీళ్ళు ఎప్పుడూ ఇలాగే తాగుతావా? తిన్నది ఒంటికి పట్టట్లేదు కదూ? బెల్టు లోపలి బొక్కకి మారిందా లేదా?"

"మారిందండి," అన్నాడు మా ఆయన, తప్పు చేసి దొరికినట్టు.

"రేపు పొద్దున్నే ఏమీ తినకుండా రా. నా దగ్గర మిషనుంది."

వెళ్ళాడు. షుగరు ఉంది. ఈ రోజుకీ మా ఆయన కళ్ళూ కాళ్ళూ బాగున్నాయంటే ఆయన చలవే. అందుకే తర్వాత జరిగినదానికి ఎంత మండినా ఆయన్ని పూర్తిగా తిట్టుకోలేను. తిట్టుకోకుండానూ ఉండలేను, అది వేరే సంగతి.

మా ఆయన ఒక్కడేనా? అంగలకుదురు నుంచి పాలు పోసే ఆమె కాలి పుండు చూసి చెప్పారు. పక్కింటి టైలరు కళ్ళద్దాలు మాటిమాటికీ మార్చడం చూసి చెప్పారు. మిషను పెట్టె స్కూటర్ డిక్కీలోనే ఉండేది. "ఏదీ, వేలివ్వు" అనడమే ఆలస్యం, ఆ చెయ్యి పట్టుకున్నాక ఇంక వదిలేవారు కాదు. సూది గుచ్చేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకునేవారు. అంతమంది రక్తం కళ్ళజూసినా ఆయనకి రక్తమంటే భయం.

"షుగరు దొంగ కాదమ్మాయ్, చెప్పే వస్తుంది. మనమే వినం" అనేది ఆయన మాట. దాని వెనకే వాళ్ళ నాన్నగారి కథ వచ్చేది. "మా నాన్నకి షుగరని ఎవరు చెప్పారనుకున్నావు? డాక్టరు కాదు, చీమలు. చావిడి వెనక ఆయన ఒంటేలుకి కూర్చున్న చోటల్లా చీమలు బారులు కట్టేవి. మా అమ్మ చూసి చెప్పింది. ఆడదాని మాట ఎవరు వింటారు? విననందుకు మా నాన్న కాలు తీసేశారు." ఈ కథ నాకే ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ప్రతిసారీ చివర్లో ఆయన కళ్ళు చెమ్మగిల్లేవి.

ఆయనకీ ఉంది, చాలా ఏళ్ళుగా. రెండు పూటలా ఇన్సులిన్. పిన్నిగారు పెట్టిందే తినాలి, పెట్టినంతే తినాలి. ఆ క్రమశిక్షణలో ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. కానీ తీపంటే ప్రాణమాయె! సాయంత్రం బజారుకెళ్ళి వేడి వేడి బెల్లం జిలేబీ పొట్లం కట్టించుకొచ్చేవారు. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చునేవారు. పొట్లం విప్పిన చప్పుడుకే ఆ బొచ్చుకుక్క ఎక్కడున్నా దూకుతూ వచ్చి ఎదురుగా కూలబడేది. దాని పేరు బుజ్జోడు.

బాబాయిగారు ఒక్కో చుట్టూ తుంచి దాని నోట్లో పెట్టేవారు. అది నములుతున్నంతసేపూ దాని మూతినే చూసేవారు. ఆయన గొంతు కూడా గుటక వేసేది.

"ఎలా ఉందిరా? పాకం ముదిరిందా? నిన్నటంత బాగాలేదు కదూ?"

అది తోక ఊపేది. ఆయన తృప్తిగా వేళ్ళు తుడుచుకునేవారు, ఆ వేళ్ళు కూడా నాకేవారు కాదు. "నేను తినకపోతే ఏంటమ్మాయ్, వాడు తింటుంటే నా నాలిక్కి తెలుస్తుంది" అనేవారు. ఆయనకి ఏది కూడదంటే అదంతా వాడికే. అరటిపండు వాడికే, మామిడిపండు వాడికే, పండగనాటి పరమాన్నం వాడికే. పెరుగన్నంలో పంచదార కలిపి ముద్దలు చేసి పెట్టేవారు. "కుక్కకి తీపి పెడితే బొచ్చూడిపోద్దంటారండీ" అని పిన్నిగారు ఒకసారి నసిగితే, దాన్ని రెండు చేతులా ఎత్తి చూపించారు. "ఎక్కడూడిందే? నీ జుట్టుకన్నా ఒత్తుగా ఉంది!" అందరం నవ్వాం. బుజ్జోడు అప్పటికి దిండులా గుండ్రంగా ఉండేవాడు, చూడ్డానికి ముద్దొచ్చేవాడు.

ఒక వేసవిలో బుజ్జోడు నీళ్ళ మీద పడ్డాడు. వాడి గిన్నె ఎన్నిసార్లు నింపినా ఖాళీయే. గిన్నెలో లేకపోతే బాత్‌రూములో బకెట్, అదీ లేకపోతే పూలకుండీ కింద పళ్ళెం. మా ఏసీ నుంచి బొట్లు బొట్లుగా పడే నీళ్ళ దగ్గర నోరు తెరుచుకుని నిలబడేవాడు. చిన్నప్పటి నుంచీ బయటికి తీసుకెళ్తే తప్ప ఒంటేలు పోయని కుక్క, హాల్లో సోఫా పక్కనే పోసేసి సిగ్గుతో మంచం కింద దూరేవాడు.

"ఎండలమ్మా, వేడి చేసింది" అన్నారు బాబాయిగారు.

మనకి అన్నిటికీ వేడే కదా. కన్ను ఎర్రబడితే వేడి, నోరు పూస్తే వేడి, ఒంటేలు మంటపుడితే వేడి. వేడికి వైద్యం ప్రతి ఇంట్లోనూ ఉంది. బాబాయిగారు స్వయంగా బార్లీ కాచి, పటికబెల్లం దంచి కలిపి, చల్లార్చి గిన్నెలో పోసేవారు. సబ్జా గింజలు నానబెట్టి పంచదార వేసి పట్టేవారు. కొబ్బరిబోండాలు కొట్టించేవారు. కౌలు రైతు చేత కాకుమాను నుంచి తాటిముంజలు తెప్పించి, పైతొక్క తీసి, గోరుతో తుంచి తినిపించేవారు. కన్నబిడ్డకి కూడా అంత ఓపిగ్గా ఎవరూ చెయ్యరు. వాడు ఎంత తాగితే అంత ఒంటేలు, ఎంత ఒంటేలుకి పోతే అంత దాహం. "చూశావా, వేడి ఎంత లోతుగా ఉందో!" అని ఇంకాస్త పటికబెల్లం.

పెరట్లో బాదం చెట్టు మొదట్లో బుజ్జోడు కాలెత్తే చోట చీమలు పట్టాయి. నల్ల చీమలు, బారులు బారులుగా. ఆదివారం పొద్దున బట్టలారేస్తూ నేను పైనుంచి చూస్తున్నాను. బాబాయిగారు వంగి చాలాసేపు వాటి వంకే చూశారు. లోపలికెళ్ళి చీమల మందు డబ్బా తెచ్చి చల్లేశారు. తన తండ్రి కథ నాకు అన్నిసార్లు చెప్పిన మనిషి!

అదే రోజు పిన్నిగారు పెరటి కుళాయి దగ్గర వాడికి స్నానం చేయిస్తోంది. బొచ్చు కుక్కల్లో ఉన్న మాయ ఏంటంటే, లోపల ఏం జరుగుతోందో పైకి కనపడదు. పొడిగా ఉన్నంతసేపూ అదే దిండు. తడిసేసరికి బొచ్చంతా ఒంటికి అంటుకుపోయి లోపల కుక్క బయటపడింది. డొక్కలు ఎగదన్నుకుపోయి ఉన్నాయి. వెన్నెముక పైనుంచి నాక్కూడా కనిపించింది. పిన్నిగారు సబ్బు చేత్తోనే ఆగిపోయింది.

"ఏవండీ, ఓసారి ఇటు రండి."

ఆయన వచ్చారు.

"వీడి డొక్కలు చూడండి. తినడం చూస్తే రెండింతలు తింటున్నాడు. నీళ్ళు చూస్తే అలా తాగుతున్నాడు. మీకు మొదట్లో వచ్చినప్పుడు అచ్చం ఇలాగే కదండీ? వీడిక్కూడా షుగరేమోనండీ."

"నీ మొహం!" అన్నారు ఆయన. అంత గట్టిగా ఆయన అరవడం నేను ఎప్పుడూ వినలేదు. "కుక్కకి షుగరేంటే? మనుషుల జబ్బు దానికెందుకొస్తది? ఊరందరికీ నేను చెప్తుంటే నాకు నువ్వు చెప్పొచ్చావా? ఎవరన్నా వింటే నవ్విపోతారు. ముందు తుడువు, జలుబు చేస్తది."

పిన్నిగారు తువ్వాలు తీసుకుని తుడిచింది.

మిషను స్కూటర్ డిక్కీలోనే ఉంది. ఒక్క చుక్క రక్తం చాలు. దారిన పోయేవాడి వేలు దొరికినా గుచ్చే మనిషి, ఆ రోజు ఆ పెట్టె జోలికి పోలేదు. తెలియక అని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఆయనకి తెలుసు. తెలిసిందని ఒప్పుకుంటే సాయంత్రం జిలేబీ పొట్లం ఆగిపోతుంది. ఆయన జీవితంలో మిగిలిన ఆ కాస్త తీపీ ఆ కుక్క నోట్లోనే ఉంది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు కోపం వస్తోంది, జాలి కూడా వస్తోంది. రెండిట్లో ఏది ఎక్కువో తేల్చుకోలేను.

వానలు మొదలయ్యేసరికి బుజ్జోడి కళ్ళలో నీలంగా మబ్బు కమ్మింది. కొన్నాళ్ళకే పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. వాడు నడుస్తూ గుమ్మాలకి గుద్దుకునేవాడు. అప్పుడు కదిలారు బాబాయిగారు. "కళ్ళకి శుక్లాలొచ్చాయమ్మాయ్, ఆపరేషన్ చేస్తారట కదా, మీ బాపట్లలో ఎవరన్నా మంచి డాక్టరున్నారా?" అని నన్నడిగారు. నేను రోజూ రైల్లో బాపట్ల వెళ్ళి పనిచేసే కాలేజీలో ఒకావిడ చెల్లెలు అక్కడ కుక్కల డాక్టరు. నేను సెలవు పెట్టాను. కారులో పొన్నూరు మీదుగా వెళ్ళాం. దారి పొడుగునా వాడికోసం ఆపుతూనే ఉన్నాం, నీళ్ళకొకసారి, ఒంటేలుకొకసారి.

డాక్టరమ్మాయి చిన్నది. కళ్ళు చూసింది, డొక్కలు తడిమింది, నోటి దగ్గర వాసన చూసింది.

"నీళ్ళెక్కువ తాగుతున్నాడా అంకుల్?"

"అవునమ్మా."

"ఒంటేలు?"

"ఎక్కువేనమ్మా."

"బాగా తిన్నా చిక్కిపోతున్నాడా?"

బాబాయిగారు తల ఊపారు. అవన్నీ ఆయన ప్రశ్నలే. మా ఇల్లు చూడ్డానికెళ్ళిన రోజు మా ఆయన్ని అడిగిన ప్రశ్నలే.

ఆ అమ్మాయి వాడి చెవి అంచున సూది గుచ్చింది. ఈసారి ఆయన మొహం తిప్పుకోలేదు. పట్టీ మీదికి రక్తం ఎక్కింది. మిషను కూత పెట్టింది.

"ఎంతొచ్చింది?" అన్నారు.

"అంకె రాలేదంకుల్. ఈ మిషను చూపించగలిగినంతా దాటిపోయింది. 'హై' అని చూపిస్తోంది అంతే."

ఆయన మిషను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. అంకె లేకపోవడం ఆయనకి ఎప్పుడూ జరగలేదు. తర్వాత ఆ అమ్మాయి చెప్పినవన్నీ ఆయన విన్నారో లేదో నాకు తెలీదు. నేను విన్నాను. కుక్కలక్కూడా వస్తుందట. దాహం, ఒంటేలు, తిన్నా చిక్కడం, నీరసం, కళ్ళు ఉన్నట్టుండి తెల్లబడటం, ఇవన్నీ చూసి కనిపెట్టాలట. మొదట్లోనే తెస్తే ఇన్సులిన్‌తో చాలాకాలం హాయిగా బతికేవి ఉన్నాయట.

"తీపి పెట్టడం వల్లేనామ్మా?" అని అడిగారు చివరికి.

"దానివల్లే వచ్చిందని చెప్పలేనండి. వాడి ఒంట్లోనే ఇన్సులిన్ తయారు కాకపోయుండొచ్చు. కానీ అంత లావెక్కడం, ఆ తీపి, మంచి చెయ్యవు కదా. వచ్చాక కూడా పెట్టారా?"

ఆయన వంగి బుజ్జోడి చెవి తుడిచారు. పటికబెల్లం సంగతి నేనూ చెప్పలేదు.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపులో ఇద్దరి ఇన్సులిన్లు. ముందు వాడికి, తర్వాత ఆయనకి. చల్లగా ఉంటే వాడికి నొప్పి పుడుతుందని సిరంజిని అరచేతుల మధ్య పట్టుకుని కూర్చునేవారు. మెడ దగ్గర తోలు పైకెత్తి, "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అంటూ గుచ్చేవారు. వాడు కిక్కురుమనేవాడు కాదు. అంతవరకు బాగానే ఉంది. కానీ తిండి తింటేనే సూది వెయ్యాలి, తినకపోతే వెయ్యకూడదని డాక్టరమ్మాయి గట్టిగా చెప్పింది. బుజ్జోడు తినడు! ఉడకబెట్టిన కోడిమాంసం, సొరకాయ ముక్కలు, ఏది పెట్టినా మూతి తిప్పేసేవాడు. పుట్టి బుద్ధెరిగాక తీపి లేని ముద్ద తిన్నవాడు కాదాయె.

బాబాయిగారు నేల మీద బాసింపట్టు వేసుకుని గిన్నె ఒళ్ళో పెట్టుకునేవారు. "ఒక్క ముద్ద రా, ఒక్కటంటే ఒక్కటి." వాడు గుడ్డికళ్ళతో ఆయన వైపు తిరిగి, తడుముకుంటూ వచ్చి ఆయన లాల్చీ జేబులో మూతి పెట్టి వాసన చూసేవాడు. పొట్లం కోసం. లేదని తెలిసినా అక్కడే ఆశగా నిలబడేవాడు, తోక ఊపుతూ. నేను కాలేజీకి దిగుతూ ఆ దృశ్యం చూసిన పొద్దున్నల్లా రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

చలి మొదలయ్యాక వాంతులు పట్టుకున్నాయి. నోరు బాగా మగ్గిన పండు వాసన కొట్టింది. మళ్ళీ బాపట్ల, సెలైను, ఇంజెక్షన్లు. డాక్టరమ్మాయి తన వంతు చేసింది. "ఇంక ఇంటికి తీసుకెళ్ళండంకుల్" అంది. ఇల్లు చేరలేదు. పొన్నూరు దాటాక బాబాయిగారి ఒళ్ళోనే పోయాడు. ఆయన కారు కాకుమాను వైపు తిప్పించారు. పొలం గట్టున కౌలు రైతు గుంట తీశాడు. ఇంటికొచ్చి చెబితే పిన్నిగారు ఏడవలేదు, గిన్నె కడిగి బోర్లించింది.

ఆ తర్వాత ఆయన కాలువగట్టుకి వెళ్ళడం మానేశారు. ఎదురైనవాళ్ళు అలవాటుకొద్దీ నిలబడి ఫాస్టింగు ఇంతండి అని చెబితే, "సరేనయ్యా" అని వెళ్ళిపోయేవారు. మిషను పెట్టె మా ఆయనకిచ్చేశారు. తన వేలు కూడా తను గుచ్చుకోలేదని పిన్నిగారు తర్వాత చెప్పింది. మేము రేపల్లె మారిపోయాం. ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నవారు లేవలేదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యి చుట్టాలంతా వెళ్ళాక పిన్నిగారు నన్ను పెరటి అరుగు మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఆయన గురించి ఏమన్నా చెబుతుందేమో అనుకున్నాను. చీర అంచు మడత పెడుతూ మొదలుపెట్టింది.

"వాడు పోయిన కొత్తలో ఓ రోజు ఇక్కడే కూర్చుని అన్నారమ్మా. 'నోరులేని జీవి కదే, చెప్పుకోలేకపోయాడు' అని. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

"మీరేమన్నారు పిన్నిగారూ?"

"ఏమంటాను? నోరున్నదాన్ని, నేను చెప్పాను కదండీ అందామనుకున్నాను. ఆయన మొహం చూసి ఊరుకున్నాను."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"ఆయన కసిరితే ఊరుకోవడం పెళ్ళైన కొత్తలోనే నేర్చుకున్నానమ్మా. ఇంట్లో గొడవలుండవని. నిజంగానే ఎప్పుడూ ఏ గొడవా రాలేదు. ఆ రోజు స్నానం చేయిస్తూ చెప్పాను చూడు, ఆ ఒక్కసారే చెప్పి ఊరుకున్నాను. వాడు అన్ని నెలలు నా కాళ్ళ దగ్గరే చిక్కిపోతుంటే, రోజూ ఆ నీళ్ళ గిన్నె నింపుతూ ఊరుకున్నానమ్మా."